జిల్లా సగటుకు అందని వాన: గుడివాడ, బందరు, దివిసీమల వర్షపాతం లెక్కల మీద సమీక్ష

2024 సెప్టెంబరు మొదటి వారంలో గుడివాడ పక్కనున్న నందివాడ మండలంలో ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. ఆ నీళ్లలో చాలాభాగం ఆ ఊళ్ల మీద పడ్డ వాన కాదు. మైలవరం వైపు గుట్టల మీద కురిసి, బుడమేరు వెంట దిగి, విజయవాడను ముంచి, కొల్లేరుకు పోయే దారిలో నందివాడ చేలలో పరుచుకున్న నీరది. ఆ వారం మండల కేంద్రంలో నమోదైన వర్షానికీ పొలంలో నిలిచిన నీటికీ పొంతన వెతికితే దొరకదు.

దివిసీమలో వ్యవహారం దీనికి తలకిందులు. నాగాయలంక, కోడూరు మండలాల శివారు పొలాలను ముంచడానికి ఎక్కడి నుంచో నీరు రానక్కర్లేదు. తమ మీద పడ్డ వానే బయటికి పోయే దారి లేక నిలిచిపోతుంది. సముద్రం పోటు మీదున్న వేళల్లో మురుగు కాలువలు పారవు.

కొద్దిపాటి దూరంలోనే ఇంత తేడా ఉన్నచోట, వానను ఎలా కొలవాలి, ఎన్నిచోట్ల కొలవాలి, కొలిచిన దాన్ని ఎవరి అవసరానికి ఎలా సగటు కట్టాలి అన్న వాదన ప్రతి ముంపు తర్వాతా లేస్తుంది. రెయిన్‌గేజిలు చాలవని ఒకరంటారు. బందరులో రాడార్ ఉండగా ఇంకా గేజిల గోల ఎందుకని మరొకరంటారు. వానను వదిలేసి డ్రెయిన్లలో నీటిమట్టం చూడమని ఇంకొకరంటారు. ముగ్గురి మాటలోనూ నిజముంది. వాదన తెగకపోవడానికి కారణం, ముగ్గురూ మూడు వేర్వేరు ప్రశ్నలకు ఒకే అంకె నుంచి జవాబు రాబట్టాలని చూడటమే.

చదును నేలలో పరీవాహకం అంటే ఏది?

కొండప్రాంతంలో చిన్న నది పరీవాహకాన్ని గీయడం తేలిక. గుట్టల వెన్ను వెంట గీత గీస్తే సరిపోతుంది. దిగువ కృష్ణలో ఆ పని ఎవరికీ తేలిక కాదు. నేల వాలు దాదాపు లేదు. వాన నీరు ఎటు పోవాలో రోడ్డు గట్టు, కాలువ కట్ట, తూము, చెరువు కట్ట నిర్ణయిస్తాయి. 1850ల తొలి సగంలో ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో విజయవాడ దగ్గర ఆనకట్ట వచ్చాక, బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువల కట్టలు పాత వాగుల దారులను అడ్డంగా కోశాయి. 1957లో ప్రకాశం బ్యారేజీ ఆ ఆనకట్ట స్థానం తీసుకుంది. నేడు కృష్ణా డెల్టా ఆయకట్టు రెండు వైపులా కలిపి దాదాపు 13 లక్షల ఎకరాలు. అంత నేలకు నీరు పెట్టే కాలువల పటం ఎంత స్పష్టంగా ఉందో, అందులోంచి నీరు తీసే డ్రెయిన్ల పటం అంత గజిబిజిగా ఉంది.

స్థూలంగా ఈ ప్రాంతాన్ని మూడు రకాలుగా చూడవచ్చు. మొదటిది బుడమేరు. పైన గుట్టలు, మధ్యలో విజయవాడ నగరం, కింద గుడివాడ వైపు పల్లపు చేలు, చివర కొల్లేరు, అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రం. ఈ మూడింటిలో ఎగువ, దిగువ అని నిజంగా చెప్పుకోదగ్గది ఇదొక్కటే. రెండోది గుడివాడ, పెడన, బందరుల మధ్య నేల. లజ్జబండ, శివగంగ లాంటి డ్రెయిన్లు ఇక్కడివి. ఎగువ అంటూ పెద్దగా లేదు. పంటచేలో మిగిలిన సాగునీరూ వాన నీరూ ఒకే దారిన పోతాయి. మూడోది దివిసీమ. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ పాయల మధ్య దీవి. దాని పరీవాహకం దాని సొంత నేలే. రత్నకోడు వంటి మురుగు కాలువలు ఆ నీటిని సముద్రానికి మోయాలి.

ఇక్కడ పాలనాపరమైన చిక్కు ఒకటి వచ్చిపడింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజనతో పాత కృష్ణా జిల్లా ముక్కలైంది. మైలవరం, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. గుడివాడ, బందరు, దివిసీమ కృష్ణాలో మిగిలాయి. కైకలూరు వైపు కొల్లేటి మండలాలు ఏలూరు జిల్లాలో కలిశాయి. ఆ విభజనతో బుడమేరు పుట్టేది ఒక జిల్లాలో, పరుచుకునేది రెండో జిల్లాలో, కలిసేది మూడో జిల్లాలో అయింది. వర్షపాతం ప్రకటనలు జిల్లాల వారీగా వెలువడతాయి కనుక, ఒకే ఏటి వానను ఒకచోట చూపే పట్టిక ప్రజల కంటపడటం అరుదు. గేజిల సంఖ్య మీద జరిగే వాదన కన్నా ఇది పెద్ద లోటు. దీన్ని దిద్దడానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

శిస్తు నుంచి రాడార్ దాకా

ఈ నేలలో వానను కొలిచే పని వాతావరణ శాస్త్రం కోసం మొదలుకాలేదు. శిస్తు కోసం, కరువు భయంతో మొదలైంది. 1832–33 నాటి డొక్కల కరువు గుంటూరు, బందరు సీమలను తుడిచిపెట్టాక, ఎక్కడ ఎంత వాన పడిందన్నది కలెక్టరు తెలుసుకోవాల్సిన విషయమైంది. ఆ తర్వాత తాలూకా కేంద్రాల్లో రోజువారీ వర్షం నమోదు రెవెన్యూ సిబ్బంది పనిగా స్థిరపడింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ దేశమంతటి వర్షపు లెక్కలను ఒక పద్ధతిలోకి తెచ్చాడు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చినప్పుడు రెయిన్‌గేజి కూడా మండల కేంద్రానికి చేరింది. కరువు మండలం ప్రకటించాలన్నా, పంట నష్టం లెక్కగట్టాలన్నా ఆ గేజి అంకె కీలకమైంది.

ఇక్కడొక విషయం గమనించాలి. కొలత కేంద్రం ఎక్కడ ఉండాలన్నది వాన తీరును బట్టి నిర్ణయం కాలేదు, కచేరీ ఉన్న చోటును బట్టి నిర్ణయమైంది. అందువల్ల ఊళ్లున్నచోట గేజిలున్నాయి. బుడమేరు ఎగువ గుట్టల్లో, దివిసీమ దక్షిణపు అంచున మడ అడవుల దగ్గర, అంటే లెక్క అత్యవసరమైన చోట, అవి పలచబడ్డాయి.

రెండో మలుపు 1960లలో వచ్చింది. 1964 నాటి ముంపుల తర్వాత కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్య మీద మిత్రా కమిటీ పనిచేసింది. 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టం వచ్చింది. అప్పటి నుంచి వర్షపాతం ప్రశ్న ‘ఎంత పడింది’ నుంచి ‘ఎన్ని రోజుల్లో పోతుంది’ వైపు తిరిగింది. ఇది సరైన మలుపే. కానీ డ్రెయిన్ల సామర్థ్యం తేల్చడానికి కావలసింది తక్కువ వ్యవధి వాన లెక్క. అంటే గంటకు ఎంత, మూడు గంటలకు ఎంత అన్నది. మండల గేజిలు ఇచ్చేదేమో ఉదయం 8.30 నుంచి మరునాటి ఉదయం 8.30 దాకా ఒక్క అంకె.

మూడో దశ మన కళ్ల ముందే జరిగింది. బందరులో ఎస్-బ్యాండ్ డాప్లర్ రాడార్ పనిలోకి వచ్చింది. రాష్ట్ర ప్రణాళికా విభాగం మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలను నెలకొల్పింది. 2014లో అంతరిక్షంలోకి వెళ్లిన జీపీఎం ఉపగ్రహం అరగంటకొకసారి వాన అంచనా ఇచ్చే వ్యవస్థకు మూలమైంది. ఒకప్పుడు లెక్కలు లేక ఇబ్బంది. ఇప్పుడు ఒకే వానకు నాలుగు లెక్కలుండి, అవి నాలుగూ కలవక ఇబ్బంది.

గట్టుకు అటు వాన, ఇటు ఎండ

వాన తేడాగా పడటానికి కారణాలు కాలాన్ని బట్టి మారతాయి. ఈ సంగతి చర్చల్లో తరచూ మరుగున పడుతుంది. ‘తీరంలో వాన ఎక్కువ, లోపల తక్కువ’ అనో, దానికి విరుద్ధంగానో ఒకే సూత్రం చెప్పేవారు ఏడాదిలో సగం కాలానికే సరిగ్గా మాట్లాడుతున్నారు.

నైరుతి రుతుపవనాల కాలంలో కింది గాలులు పడమటి నుంచి వీస్తాయి. పగలు నేల వేడెక్కాక సముద్రపు గాలి తూర్పు నుంచి లోపలికి చొచ్చుకొస్తుంది. ఈ రెండూ ఎదురుపడ్డ గీత వెంట గాలి పైకి లేచి మబ్బు కడుతుంది. ఆ గీత ఒకరోజు పామర్రు మీద ఉంటే మరోరోజు గుడివాడ దాటి లోపలికి పోతుంది. తీరం మీద సముద్రపు చల్లగాలి పరుచుకుని ఉంటుంది కనుక మధ్యాహ్నం పూట అక్కడ మబ్బు తేలిగ్గా లేవదు. అందుకే జూన్, జులైల్లో లోపలి ఊళ్లలో సాయంత్రం కుండపోత పడుతుంటే బందరులో పొడిగా ఉండటం, ఆ మబ్బే రాత్రికి తూర్పుకు జరిగి తీరాన్ని తడపడం మామూలే. ఈ ఉరుముల వానల్లో ఒక్కో మబ్బు గుంపు కొద్ది కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది, గంట ఆయుష్షు ఉంటే ఎక్కువ. పక్కపక్క పంచాయతీల్లో ఒకచోట ఆకుమడి మునిగి, మరోచోట పదును కూడా కాకపోవడానికి కారణమిదే.

అక్టోబరు వచ్చేసరికి బొమ్మ తిరగబడుతుంది. గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి వీస్తుంది. తీరాన్ని తాకగానే నేల గరుకుదనానికి గాలి నెమ్మదించి, వెనక వచ్చేది ముందున్నదాని మీదికి నెట్టుకొచ్చి, మబ్బు అక్కడే లేస్తుంది. రాత్రి వేళ, తెల్లవారుజామున కురవడం ఎక్కువ. నాగాయలంక, కోడూరు, బందరు ముందు తడుస్తాయి, లోపలికి పోయేకొద్దీ జల్లు పలచబడుతుంది. పాత కృష్ణా జిల్లా సాలీనా సాధారణ వర్షపాతం వెయ్యి మి.మీ. పైచిలుకు. అందులో సుమారు మూడింట రెండొంతులు నైరుతిది, నాలుగో వంతు ఈశాన్యానిది. ఈ రెండు కాలాల్లో తీరానికీ లోపలికీ మధ్య వాలు ఎదురెదురు దిక్కుల్లో ఉంటుంది. ఏడాది మొత్తంగా కలిపితే ఆ రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుని, ‘ఈ ప్రాంతమంతా వాన దాదాపు సమానమే’ అన్న తప్పుడు అభిప్రాయం కలిగిస్తాయి.

ఇక వాయుగుండాలు, తుఫానులు. వీటి వాన వందల కిలోమీటర్ల మేర పడుతుంది కనుక చిన్న పరీవాహకంలో తేడా ఉండదనుకుంటారు. అదీ నిజం కాదు. రుతుపవన కాలపు వాయుగుండం పడమరకు కదిలేటప్పుడు భారీ వర్షం దాని నైరుతి భాగంలో కురుస్తుంది. 2024లో వాయుగుండం దాటింది కళింగపట్నం దగ్గర, కుండపోత పడింది విజయవాడ, మైలవరం, ఖమ్మం వైపు. ఆ వానపట్టీ అంచు ఎక్కడ తెగిందన్న దాన్ని బట్టే బుడమేరు ఎగువకూ డెల్టాకూ తేడా వచ్చింది. 2012లో నీలం తుఫాను మహాబలిపురం దగ్గర తీరం దాటినా, దాని మిగులు మబ్బులు కృష్ణా, గోదావరి డెల్టాల్లో రోజుల తరబడి కురిసి కోతకొచ్చిన వరిని ముంచాయి.

దివిసీమ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 1977 నవంబరు 19న అక్కడ వేలమందిని పొట్టన పెట్టుకున్నది వాన కాదు, ఉప్పెన. 1864 నవంబరు 1న బందరులో దాదాపు 30,000 మందిని బలిగొన్నదీ ఉప్పెనే. ఆ జ్ఞాపకం ఎంత బలమైనదంటే, దివిసీమ ప్రమాదం అనగానే అందరి చూపూ గాలి మీదా అల మీదా పడుతుంది. ఏటా అక్కడి రైతును దెబ్బతీసే నవంబరు, డిసెంబరు వానల లెక్క వెనకబడిపోయింది. తుఫాను గాలి, ఉప్పెన గరిష్ఠంగా ఉన్నచోటే వాన గరిష్ఠంగా ఉంటుందన్న నియమం కూడా లేదు.

మొదటి వాదం: గేజిలు పెంచండి

ఈ వాదానికి ఆధారం గట్టిదే. మన ప్రామాణిక రెయిన్‌గేజి మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు. భారత ప్రమాణం ఐఎస్ 4987 ప్రకారం మైదాన ప్రాంతంలో 520 చ.కి.మీ.కు ఒక గేజి చాలు. అంటే ఆ మూతి తన వైశాల్యానికి 2,600 కోట్ల రెట్లున్న నేల తరఫున సాక్ష్యం చెబుతోంది. ప్రపంచ వాతావరణ సంస్థ సూచన తీరప్రాంతాలకు ఇంకా ఉదారం, 900 చ.కి.మీ.కు ఒకటి. కొండప్రాంతాలకు మాత్రం 250కి ఒకటి కావాలంటుంది. మండలానికొక గేజి ఉన్న మన దగ్గర ఈ కనీసాలు ఎప్పుడో దాటిపోయాం.

కాని ఆ కనీసాలు దేనికోసం? ఏడాదికో, కాలానికో సగటు తేల్చడం కోసం. గంట వాన కోసం కాదు. దూరం పెరిగేకొద్దీ రెండు గేజిల అంకెల మధ్య పొంతన తగ్గుతుంది. నెల మొత్తాలకు ఆ తగ్గుదల నెమ్మది, రోజు మొత్తాలకు వేగం, గంట మొత్తాలకు మరీ వేగం. ఇంగ్లండులో సోమర్సెట్‌లోని బ్రూ ఏటి పరీవాహకం 135 చ.కి.మీ. 1990లలో అక్కడ పరిశోధన కోసం 49 గేజిలు పెట్టారు. అమెరికాలో అరిజోనా ఎడారి అంచున వాల్‌నట్ గల్చ్ అనే 150 చ.కి.మీ. పరీవాహకంలో 1950ల నుంచి కొలుస్తూ, దాదాపు తొంభై గేజిల దాకా పెంచారు. రెండుచోట్లా తేలింది ఒకటే: ఉరుముల వానకు ఒక్క గేజి సాక్ష్యం నమ్మదగ్గది కాదు. బుడమేరు ఎగువన ఆ పరీక్ష జరగాల్సిన అవసరం సోమర్సెట్ కన్నా ఎక్కువే ఉంది.

గేజిలున్నా సగటు ఎలా కడతామన్నది మరో చిక్కు. 500 చ.కి.మీ. పరీవాహకంలో మూడు గేజిలు 20, 60, 130 మి.మీ. చూపాయనుకుందాం. నేరుగా సగటు కడితే 70. 1911లో ఆల్ఫ్రెడ్ థీసెన్ చెప్పిన పద్ధతిలో, ఒక్కో గేజికి దగ్గరగా ఉన్న నేల వాటాను బట్టి సగం, మూడు పదోవంతులు, రెండు పదోవంతులు అని తూకం వేస్తే 54. తేడా 16 మి.మీ. చూడటానికి చిన్నది. అంత నేల మీద అది 80 లక్షల ఘనపు మీటర్లు, అంటే టీఎంసీలో పావుకు పైన. ఏ పద్ధతిలో సగటు కట్టారో చెప్పకుండా సగటును మాత్రమే ప్రకటించడం వల్ల ఎంత గందరగోళం పుడుతుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఈ వాదం ఒప్పుకోని లోపాలూ ఉన్నాయి. గాలి హోరులో గేజి తక్కువ వానను పడుతుంది. అంటే తుఫాను రోజున, మనకు లెక్క అత్యవసరమైన రోజున, అది తక్కువ చెబుతుంది. ఆటోమేటిక్ కేంద్రాల్లోని ఊగే చిన్న తొట్టి జోరువానలో అంత వేగంగా ఊగలేక కొంత వదిలేస్తుంది. ఆకు, పురుగు, దుమ్ము పడితే అదీ లేదు. కొత్త కేంద్రాలు పెట్టడానికి దొరికే డబ్బు, ఉన్నవాటిని శుభ్రంగా ఉంచడానికి దొరకదు.

రెండో వాదం: ఆకాశం నుంచి చూడండి

బందరు రాడార్ ఈ ప్రాంతానికి దక్కిన వరం. గుడివాడ, అవనిగడ్డ దానికి 30–40 కి.మీ. లోపే ఉన్నాయి. అర డిగ్రీ ఎత్తున వెళ్లే దాని కిరణం గుడివాడ మీద నాలుగు వందల మీటర్ల ఎత్తులో, విజయవాడ మీద ఎనిమిది వందల మీటర్ల చేరువలో పోతుంది. అంత కిందుగా చూస్తున్నందున అది చూసిన చినుకు నేలకు చేరుతుందన్న నమ్మకం ఎక్కువ. వంద కిలోమీటర్లు దాటితే ఆ కిరణం కిలోమీటరున్నర ఎత్తుకు పోయి, కింద జరిగేది చూడలేదు. వానగీత ఎక్కడుంది, ఎటు జరుగుతోంది అన్నది ఇంత బాగా చెప్పే పరికరం మరోటి లేదు.

అయితే రాడార్ కొలిచేది వానను కాదు, చినుకుల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని బలాన్ని. దాన్ని మిల్లీమీటర్లలోకి మార్చడానికి ఒక సూత్రం కావాలి. 1948లో మార్షల్, పామర్ ఇచ్చిన సూత్రం నేటికీ పేరున్నదే, కానీ అది కెనడా వానల్లోంచి పుట్టింది. జులై సాయంత్రపు ఉరుముల వానలో పెద్ద చినుకులు, నవంబరు తెల్లవారుజామున సముద్రం మీది నుంచి వచ్చే జల్లులో చిన్న చినుకులు. ఒకే ప్రతిధ్వనికి రెండు వేర్వేరు వానలు. కాబట్టి రాడార్ అంకెను నేల మీది గేజితో సరిదిద్దక తప్పదు. గేజిలు అక్కర్లేదనే రాడార్ వాదం ఇక్కడే కూలిపోతుంది.

ఉపగ్రహపు లెక్క ఇంకా ముతక. జీపీఎం అంచనాల గడి దాదాపు 120 చ.కి.మీ. వాతావరణ శాఖ దేశమంతటికీ 1901 నుంచి తయారుచేసిన పావు డిగ్రీ గడుల్లో ఒక్కోటి 700 చ.కి.మీ. పైన. ఒకే గడిలో బందరు తీరమూ లోపలి పొలాలూ పడిపోతాయి. దేశం మొత్తం మీద రుతుపవనం తీరు చూడటానికి ఇవి అమూల్యమైనవి. నందివాడ ఎందుకు మునిగిందో చెప్పడానికి పనికిరావు. అయినా ఇటీవలి నివేదికల్లో ఈ గడుల అంకెలను మండలాలకు పంచి రంగుల పటాలు వేయడం పెరిగింది. పటం నునుపుగా ఉన్నంత మాత్రాన దాని వెనక కొలత ఉన్నట్టు కాదు.

మూడో వాదం: పడింది కాదు, నిలిచింది కొలవండి

డెల్టా రైతుకు ఈ వాదమే దగ్గరగా తోస్తుంది, నాకూ ఇదే బరువుగా కనిపిస్తుంది. సార్వా వరి కాలువ నీటితో పండుతుంది. 2015 నుంచి పట్టిసీమ ద్వారా గోదావరి నీరు రావడంతో నాట్లు ముందుకు జరిపి, నవంబరు తుఫానుల కన్నా ముందే కోతలు ముగించాలన్న ఆలోచన కూడా బలపడింది. ఇలాంటి నేలలో వాన లెక్క కరువు కోసం కాదు, ప్రధానంగా మురుగు కోసం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పొలాల్లో పనల మీద ఉన్న వరిని ముంచిన వానకు, అదే మోతాదులో జులైలో పడే వానకు నష్టంలో పోలికే లేదు. అప్పుడే మొలకెత్తిన మినుము చేలో రెండు రోజులు నీరు నిలిస్తే ఆ పైరు పోయినట్టే.

లెక్క చూద్దాం. వంద చ.కి.మీ. నేల మీద 100 మి.మీ. వాన అంటే కోటి ఘనపు మీటర్ల నీరు. ఇంకి, మళ్లలో ఆగగా మిగిలేది కొంత తక్కువే అయినా, మొత్తం మూడు రోజుల్లో పోవాలంటే డ్రెయిన్ ఆపకుండా 1,360 క్యూసెక్కులు పారాలి. పోటు వల్ల రోజులో సగం సేపు పారకపోతే, మిగిలిన సగంలో 2,700 క్యూసెక్కులు పారాలి. అడుగున పూడిక, పైన గుర్రపుడెక్క ఉన్న డ్రెయిన్ ఆ పని చేయలేదు. అంటే నిండు పౌర్ణమి పోటు రోజున పడ్డ 60 మి.మీ., ఇతర రోజుల్లో పడ్డ 100 మి.మీ. కన్నా ఎక్కువ ముంచవచ్చు. ఏ రెయిన్‌గేజీ, ఏ రాడారూ ఈ సంగతి చెప్పవు.

బుడమేరుకూ ఇదే వర్తిస్తుంది. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర నీటిని కృష్ణలోకి మళ్లించే కాలువ ఉంది. కృష్ణ తక్కువగా ఉన్నప్పుడే అది సరిగా పారుతుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణ నీటిని తీసుకునే స్థితిలో లేదు, కాలువ కట్టలకు గండ్లు పడ్డాయి. 2009 అక్టోబరులోనూ కృష్ణ ఇదే స్థాయిలో పొంగింది. అప్పటి వాన పడింది కర్నూలు, మహబూబ్‌నగర్, ఉత్తర కర్ణాటకల్లో. దివిసీమ లంకలు వాన లేకుండానే మునిగాయి.

కాని ఈ వాదాన్ని చివరిదాకా లాగితే ప్రమాదం. నీటిమట్టం చూసేసరికి నీరు వచ్చేసి ఉంటుంది. మైలవరం గుట్టల మీద గంట క్రితం ఎంత పడిందో తెలిస్తేనే విజయవాడకు కొన్ని గంటల ముందు, నందివాడకు ఇంకా ముందు హెచ్చరిక పంపగలం.

ఎవరికి ఏ లెక్క

రెవెన్యూ శాఖకు కాలం మొత్తం మీద లోటు ఎంతో తెలియాలి. సాధారణం కన్నా 20 శాతానికి మించి తగ్గితే ‘లోటు’, 60 శాతం తగ్గితే ‘తీవ్ర లోటు’ అన్న వాతావరణ శాఖ కొలబద్దకు మండలానికొక పాత గేజి, దీర్ఘకాలపు వరుస ఉంటే చాలు. పంటల బీమాకు అది చాలదు. రైతు పొలానికీ గేజికీ మధ్య దూరమే అక్కడ తగాదాకు మూలం. రొయ్యల రైతుకు మొత్తం కన్నా వేగం ముఖ్యం. కృత్తివెన్ను, బందరు తీరపు చెరువుల మీద ఒక్కసారిగా జోరువాన పడితే పైన మంచినీటి పొర తేలి, ఉప్పదనం మారి, అడుగున ప్రాణవాయువు పడిపోతుంది. వరద హెచ్చరికకు పావుగంట లెక్క, అదీ ఎగువది కావాలి. డ్రెయిన్ల ఇంజనీరుకు తక్కువ వ్యవధి గరిష్ఠాల పాత చరిత్ర, దాని పక్కనే పోటు పాటుల పట్టిక కావాలి. నేడు మొదటి అవసరం బాగా తీరుతోంది. చివరిది దాదాపు తీరడం లేదు.

తేలనివి

అన్నిటికన్నా పెద్దది, వాన మారిందా అన్న ప్రశ్న. 2006లో వాతావరణ శాస్త్రవేత్త గోస్వామి బృందం మధ్య భారతంలో 1951–2000 మధ్య భారీ వానలు పెరిగి, మోస్తరు వానలు తగ్గి, కాలం మొత్తం మాత్రం మారలేదని చూపింది. ఆ ఫలితాన్ని తెచ్చి కృష్ణా డెల్టాకు అంటించడం ఇప్పుడు పరిపాటి అయింది. అది సరికాదు. ఇక్కడి భారీ వానలు కొన్ని వాయుగుండాల మీద ఆధారపడతాయి. ఒక గేజి దగ్గర అలాంటి రోజులు ఏడాదికి రెండో మూడో. ముప్పై ఏళ్ల వరుసలో కూడా నిజమైన మార్పును యాదృచ్ఛికత నుంచి వేరుచేయడం కష్టం. తాలూకా కచేరీ నుంచి మండలానికి, మండలం నుంచి ఆటోమేటిక్ కేంద్రానికి గేజి మారినప్పుడల్లా వరుస తెగింది కూడా. కొత్త పరికరం వచ్చిన చోట పాతదాన్ని కొన్నేళ్లపాటు పక్కనే నడిపి, రెంటి మధ్య తేడా తేల్చడం ప్రాథమిక నియమం. పాత లెక్కను పారేసి కొత్తదానితో పోల్చినంత కాలం ‘వాన మారింది’ అన్న మాటలో పరికరం మార్పు ఎంతో, వాన మార్పు ఎంతో ఎవరూ చెప్పలేరు.

రెండోది, కొండపల్లి, మైలవరం గుట్టలు వానను ఎంత పెంచుతాయన్నది. కొన్ని వందల మీటర్ల ఎత్తే కనుక పట్టించుకోనక్కర్లేదని కొందరు, తేమగాలి బలంగా వీచే వాయుగుండపు రోజుల్లో ఆ ఎత్తే చాలని కొందరు. గుట్టల మీద తగినన్ని గేజిలు లేనంతవరకూ ఈ వాదన ఊహల మీదే నడుస్తుంది.

మూడోది మనుషుల సంగతి. 1997 జులైలో అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ పట్టణంలో ఒక అంచున 350 మి.మీ. పైన కురిస్తే, కొద్ది కిలోమీటర్ల అవతల 50 మి.మీ. మేరే పడింది. ఆ ముంపు తర్వాత అక్కడ ఇళ్ల ముందు రెయిన్‌గేజి పెట్టుకుని రోజూ అంకె పంపే పౌరుల వ్యవస్థ మొదలై దేశమంతా పాకింది. కార్తెల లెక్కన వానను ఇప్పటికీ గుర్తుపెట్టుకునే, ఎన్ని దుక్కుల పదునైందో వేలితో తవ్వి చెప్పగల రైతులున్న డెల్టాలో అలాంటి వ్యవస్థ నడవకపోవడానికి కారణం కనిపించదు. పంచాయతీకొక సాదా గేజి, ఒక బడి, ఒక రైతుసేవా కేంద్రం చాలు. అయితే అలా వచ్చిన అంకెను బీమా సంస్థ, రెవెన్యూ శాఖ సాక్ష్యంగా ఒప్పుకుంటాయా అన్నది తేలలేదు. ఒప్పుకుంటే అంకె మీద ఒత్తిడి పెరుగుతుంది. ఒప్పుకోకపోతే రోజూ ఉదయం 8.30కు గేజి దగ్గరికి నడిచేవాళ్లు ఎన్నేళ్లు నడుస్తారు?

ఇక డ్రెయిన్ల చివర, సముద్రం దగ్గరి తలుపుల వద్ద, గంట గంటకు నీటిమట్టం రాసి దాన్ని ఆ గంట వానతో, ఆ గంట పోటుతో ఒకే పట్టికలో పెట్టే పని మిగిలింది. రత్నకోడు, లజ్జబండ, శివగంగలతో మొదలుపెట్టి, బుడమేరును మాత్రం వెలగలేరు నుంచి ఉప్పుటేరు దాకా జిల్లాల హద్దులు చూడకుండా కలిపి నాలుగైదు ఈశాన్య కాలాలు రాస్తే, పైన చెప్పిన మూడు వాదాల్లో ఏది ఎక్కడ నిలుస్తుందో పరీక్షించడానికి మొదటిసారి వీలవుతుంది.